ఉలవపాడు దగ్గర మా మామయ్యను కాపాడిన మాజీ కబడ్డీ క్రీడాకారిణి గురించి

రామాయపట్నం_అబ్బాయి

అందరికీ నమస్కారం. పోయిన వారం మా మేనమామకు ఉలవపాడు దగ్గర హైవే మీద యాక్సిడెంట్ అయింది. ప్రాణాపాయం తప్పింది. కాలికి ఆపరేషన్ చేశారు, నిన్ననే వార్డుకు మార్చారు. ఆయన ఈరోజు మాతో మాట్లాడుతున్నాడంటే దానికి కారణం ముక్కూమొహం తెలియని ఒకామె. ఆమె గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మామయ్య ఎక్సెల్ బండి మీద ముందు పోతున్నాడు, నేను వెనక వస్తున్నా. మామిడిపళ్ళ కొట్ల వరస దాటుతుంటే కుక్క అడ్డం వచ్చింది. బండి జారి మామయ్య పోయి రోడ్డు పక్క ఇనప రెయిలింగుకు కొట్టుకున్నాడు. కుడికాలి పిక్క చీలిపోయి నెత్తురు కారిపోతా ఉంది. తలకు హెల్మెట్ ఉంది. నిమిషంలో జనం మూగారు. ఒకాయన సోడా తెచ్చాడు, ఇంకొకాయన హెల్మెట్ లాగబోయాడు, ఇద్దరు చంకల్లో చేతులేసి లేపి చెట్టు నీడన కూర్చోబెడదామని వంగారు. అందరూ మంచి మనసుతోనే వచ్చారు, ఎవరినీ తప్పు పట్టను.

అప్పుడు ఒకామె పళ్ళు కొంటున్న కొట్టు దగ్గర్నుంచి పరిగెత్తుకుంటా వచ్చింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, కాటన్ చీర, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. వస్తూనే ఒకటే అరుపు: "లేపబాకండి! ఎవురూ లేపబాకండి! నీళ్ళు పోయబాకండి!" ఆ గొంతుకు అందరి చేతులూ ఆగిపోయినాయి.

తర్వాత అంతా చకచకా జరిగింది. ఒక కుర్రాడికి ఎర్ర తువ్వాలు ఇచ్చి, వచ్చే బండ్లకు ఎదురుగా దూరంగా పోయి ఊపమంది. నన్ను 108కి ఫోన్ చేయమంది. కొట్టామె దగ్గర ఉతికిన తుండుగుడ్డ తీసుకుని మడిచి గాయం మీద పెట్టి, పక్కన నిలబడ్డ లారీ డ్రైవరన్న చెయ్యి పట్టి దాని మీద ఆనించింది. "మోచెయ్యి వంచకుండా నీ బరువంతా దీని మీద ఎయ్యి. తీసి చూడబాక. తడిస్తే పైన ఇంకోటి పెట్టు, అడుగుది మాత్రం కదపబాక" అంది. తను రోడ్డు మీద మోకాళ్ళేసి కూర్చుని, మామయ్య తలకు అటూ ఇటూ రెండు చేతులూ పెట్టి అట్నే పట్టుకుంది. మోచేతులు తన తొడల మీద ఆనించుకుంది.

అంబులెన్స్ వచ్చేదాకా ఆ చేతులు తియ్యలా. మిట్టమధ్యాహ్నం ఎండ, కింద తారు కాలిపోతా ఉంది. "అన్నా, నేను నీ తల పట్టుకోనుండా. నువ్వు తల తిప్పబాక, ఊఁ అను చాలు. ఇంటామె పేరేంది? ఎంతమంది పిల్లోళ్ళు? ఈరోజు ఏం వారం?" అని అడగతానే ఉంది. మామయ్య వారం తప్పు చెబితే, అంబులెన్స్ వాళ్ళు దిగగానే ఆ సంగతి వాళ్ళకు చెప్పింది.

వాళ్ళు "మీరు నర్సామ్మా?" అని అడిగితే, "కాదు నాయనా, కబడ్డీ ఆడేదాన్ని. తర్వాత కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా, అదే పీడీగా చేసి రిటైరయినా" అంది. అంతే. నేను స్ట్రెచర్ వెంట పోయినాను. తిరిగి చూసేసరికి ఆమె కారు కదిలిపోయింది.

ఆసుపత్రిలో స్కాన్ తీస్తే మెడలో ఒక ఎముక చిట్లిందని తేలింది. నరానికి దెబ్బ తగల్లేదు. ఆ స్థితిలో లేపి కూర్చోబెట్టి ఉంటే కాళ్ళూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉండేదని డాక్టరు గారు చెప్పారు. ఆమె చేసినదాంట్లో అన్నిటికన్నా పెద్ద సాయం పదిమందిని ఆపడమే అని నాకు అప్పుడు అర్థమైంది.

సింగరాయకొండ_చిన్నోడు

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది అన్నా. మామయ్య త్వరగా కోలుకోవాలి. ఆమె ఎవరో కనుక్కుందామా? కారు నంబరు గానీ, కొట్ల దగ్గర సీసీ కెమెరా గానీ ఉంటే చెప్పు, గ్రూపుల్లో పెడదాం.

రామాయపట్నం_అబ్బాయి

వద్దు తమ్ముడూ. పేరు చెప్పకుండా వెళ్ళిందంటే అది ఆమె ఇష్టం. ఆమె ఈ పోస్టు చదివితే మా ఇంటిల్లిపాది దండం పెడుతున్నామని తెలిస్తే చాలు. ఎవరికైనా ఆమె తెలిసినా, దయచేసి పేరు గానీ ఫోటో గానీ ఇక్కడ పెట్టొద్దు.

కోవూరు_కూతగాడు

నేను జిల్లా స్థాయి దాకా ఆడినవాడిని, ఆమె ఎవరో నాకు తెలియదు. కానీ ఆమెకు ఆ పని ఎక్కడ అబ్బిందో చెప్పగలను.

కూతకెళ్ళిన మనిషిని ఒకరు మడమ దగ్గర, ఒకరు తొడ దగ్గర, ఇంకొకరు నడుము దగ్గర పడతారు. మీద ముగ్గురు నలుగురు పడిన తర్వాత కింద ఉన్నవాడి మెడ ఎటు మడత పడిందో ఎవరికీ కనిపించదు. విజిల్ పడ్డాక వాడు లేవకపోతే, బాగా ఆడే జట్టులో సీనియర్ మొదట అరిచే మాట "ముట్టుకోబాకండి" అనే. మా కోచ్ దీన్ని ప్రాక్టీసులో భాగంగా నేర్పేవారు. పడినవాడిని పేరు పెట్టి పిలవాలి, వేళ్ళు కదిలించమనాలి, స్పర్శ తెలుస్తోందా అని అడగాలి. ఆ తర్వాతే ఏదైనా. మా రోజుల్లో మ్యాట్ లేదు, గట్టి మట్టి కోర్టు. దెబ్బ తగలకుండా సీజన్ గడిచేది కాదు.

ఇంకో మాట. అరవైకి దగ్గర పడ్డ ఆడమనిషి అంటున్నారు. ఆమె ఆడిన కాలంలో ఆడవాళ్ళ కబడ్డీకి ఆసియా క్రీడల్లో చోటే లేదు. మగవాళ్ళది 1990 బీజింగ్‌లో మొదలైతే, ఆడవాళ్ళది 2010 గ్వాంగ్‌జౌలో గానీ రాలేదు. ఆ ఏడాది మన అమ్మాయిలు స్వర్ణం తెచ్చారు. అప్పటికి ఆమె తరం వాళ్ళంతా ఆట మానేసి ఉద్యోగాల్లో, సంసారాల్లో ఉన్నారు. టీవీలో కనపడలేదు, పేపర్లో ఫోటో రాలేదు. యూనివర్సిటీ బ్లేజరు బీరువాలో పెట్టుకుని, ఊళ్ళో పిల్లలకు ఆట నేర్పుతూ రిటైరైన అక్కలు మన రెండు జిల్లాల్లోనూ చాలామంది ఉన్నారు. వాళ్ళకు దక్కాల్సిన గౌరవం దక్కలేదని నాకు ఎప్పటినుంచో బాధ.

అంబులెన్స్_డ్యూటీ

నేను 108లో టెక్నీషియన్‌ని. మీ మామయ్య కేసుకు వచ్చింది నేను కాదు. రోజూ ఈ రోడ్డు మీదే తిరుగుతాను కాబట్టి రాస్తున్నాను.

ఆమె చేసినవన్నీ సరైనవే, పైగా సరైన వరసలో జరిగాయి. మొట్టమొదట, వెనక నుంచి వచ్చే బండ్లను ఆపించింది. హైవే మీద పడినవాడికి, సాయానికి వచ్చిన వాళ్ళకు కలిపి రెండో బండి తగిలిన కేసులు మేము చూస్తుంటాం. తర్వాత నెత్తురు ఆపించింది, ఆ తర్వాత మెడ కదలకుండా చూసింది.

హెల్మెట్ సంగతి చెప్పాలి. ఊపిరి సరిగ్గా ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు. ముందు అద్దం ఎత్తి, గడ్డం కింద బెల్టు వదులు చేస్తే చాలు. ఊపిరి అందకపోతేనో, వాంతి అవుతుంటేనో తీయక తప్పదు. అప్పుడు కూడా ఇద్దరు కావాలి. ఒకరు కింద నుంచి మెడను, దవడను కదలకుండా పట్టుకుంటే, రెండోవారు హెల్మెట్‌ను అటూ ఇటూ కొద్దిగా వెడల్పు చేసి మెల్లగా లాగాలి. ఒక్కరే పట్టుకుని గుంజితే మెడ వెనక్కి విరుగుతుంది.

సోడా, నీళ్ళు ఎందుకు వద్దంటామంటే, స్పృహ సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపులో ఏమీ ఉండకూడదు. గాయం మీద కాఫీ పొడి, పసుపు, సున్నం అద్దేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాటిని కడగడానికే డాక్టర్లకు సగం టైం పడుతుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం కూడా అంతే, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. చుట్టూ తగిలేవి తీసేసి, ఫిట్స్ ఆగాక పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాలి.

సింగరాయకొండ_చిన్నోడు

నెత్తురు ఆగడానికి గాయం పైన తాడు బిగించి కట్టాలని మా స్కూల్లో చెప్పారే?

అంబులెన్స్_డ్యూటీ

మొదటి పని అది కాదు. చాలా గాయాలకు గట్టిగా అదిమి పట్టుకుంటే సరిపోతుంది. చేతికో కాలికో తగిలి, ఎంత అదిమినా ధార ఆగకపోతేనే కట్టాలి. అప్పుడు కూడా తాడు, వైరు వాడొద్దు, కండ కోసుకుపోతుంది. వెడల్పాటి గుడ్డ తీసుకుని గాయానికి పైన, కీలు మీద కాకుండా బిగించాలి. కట్టిన టైం రాసి పెట్టి మాకు చెప్పాలి. మధ్యలో వదులు చేసి చూడొద్దు.

పెన్నా_ఒడ్డు

ఆమెకు నా నమస్కారాలు. అయితే నా అనుభవం చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఒక కుర్రాణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అడ్వాన్స్ కట్టమని నన్ను కూర్చోబెట్టారు. తర్వాత స్టేషన్‌కు రమ్మన్నారు, మళ్ళీ రమ్మన్నారు. ఇంట్లో వాళ్ళు హడలిపోయారు. ఆ కుర్రాడు బతికాడు, అందుకు సంతోషమే. కానీ మూగిన జనంలో సగం మంది ముందుకు రాకపోవడానికి కారణం మనసు లేక కాదు, ఈ భయమే.

ఒంగోలు_వకీలు

మీ భయం నిజమైనదే, ఎంతోమందికి అలా జరిగింది కూడా. అయితే చట్టం మారింది. దీన్ని వీలైనంత మందికి చెప్పండి.

2016 మార్చి 30న సుప్రీంకోర్టు, ప్రమాదంలో సాయం చేసేవారి రక్షణ కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అందరూ పాటించి తీరాలని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్ చేర్చారు. 2020 సెప్టెంబరులో దానికి నియమాలు వచ్చాయి. మంచి ఉద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసిన మనిషి మీద, ఆ సాయంలో పొరపాటున ఏదైనా జరిగినా, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చేయకూడదు. బిల్లు కట్టమని నిలబెట్టకూడదు. సాక్షిగా ఉండటం మీ ఇష్టం. మీరే సరే అంటే, మీకు వీలైన చోట, ఒక్కసారికే వివరాలు తీసుకోవాలి. ఈ హక్కులన్నీ ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా రాసి పెట్టాలని నియమం ఉంది. మీరు ఈసారి ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఆ బోర్డు కోసం చూడండి, లేకపోతే అడగండి.

చికిత్స సంగతి చూస్తే, ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మే నుంచి నగదు రహిత చికిత్స పథకం కూడా వచ్చింది. రోడ్డు ప్రమాద బాధితుడికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 1,50,000 రూపాయల దాకా ఖర్చు దాని కింద వస్తుంది. రామాయపట్నం అబ్బాయి గారూ, మీ మామయ్య విషయంలో ఆసుపత్రి వాళ్ళను ఇది అడిగారా?

రామాయపట్నం_అబ్బాయి

అడగలేదండీ, ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. రేపు ఉదయమే పోయి అడుగుతాను. చాలా థాంక్స్.

ఒంగోలు_వకీలు

పోలీసులకు సమాచారం ఇచ్చిన కాగితం, 108 వాళ్ళ వివరాలు దగ్గర పెట్టుకుని వెళ్ళండి. ఇబ్బంది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఫీజు మాట లేదు. ఇంకొకటి, గాయపడినవారిని గంటలోపు ఆసుపత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టిన వాళ్ళకు కేంద్రం బహుమతి ఇస్తుంది. 2021లో 5,000 ఉండేది, 2025లో 25,000 చేశారు.

కోవూరు_కూతగాడు

ఆమెలాంటి వాళ్ళు అడగరు లెండి. కానీ ఆ లారీ డ్రైవరన్న లాంటి వాళ్ళకు ఒక ట్రిప్పు పోతే ఇల్లు గడవదు, అలాంటి వాళ్ళకు తెలియాలి.

రామాయపట్నం_అబ్బాయి

నిజం అన్నా. ఆయన తమిళనాడు డ్రైవరు. తెలుగు అంతంత మాత్రం. ఆమె చెయ్యి పట్టి చూపిస్తే అర్థం చేసుకుని చివరిదాకా అదిమిపట్టే ఉన్నాడు. చొక్కా అంతా నెత్తురైంది. ఆయనకు కూడా ఇక్కడే దండం పెడుతున్నా.

పెన్నా_ఒడ్డు

వకీలు గారూ, ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో చదివి వినిపించాను. ఒక అనుమానం మాత్రం ఉంది. అసలు ఆ మామిడిపళ్ళ కొట్ల వల్లే అక్కడ ప్రమాదాలు అవుతున్నాయి కదా? కార్లు ఉన్నట్టుండి రోడ్డు పక్కకు లాగుతారు, వెనక వచ్చేవాడికి దిక్కు తోచదు. వాటిని తీసేస్తే సగం గొడవ వదులుతుంది.

మామిడితోట_అమ్మాయి

నేను ఆ కొట్ల వరసలోని ఇంటి పిల్లనే. బండ్లు అడ్డదిడ్డంగా ఆగుతున్న మాట నిజమే, కాదనను. కానీ సీజనులో ఆ రెండు నెలల అమ్మకమే మాకు ఏడాది తిండి. ఉలవపాడు బంగినపల్లి, సపోటా అంటే చెన్నై దాకా పేరుందంటే, ఆ రోడ్డు మీద కూర్చుని అమ్మిన మా అమ్మమ్మల వల్ల కూడా. ఆరోజు తుండుగుడ్డలు ఇచ్చింది, గొడుగు తెచ్చి మీ మామయ్య మొహానికి ఎండ తగలకుండా పట్టుకుంది మా వాళ్ళే. కొట్లు లేకపోతే ఆ మిట్టమధ్యాహ్నం అక్కడ మనిషనేవాడు ఉండేవాడు కాదు. కొట్లను తారుకు ఇంకా దూరం జరిపి, కార్లు ఆగడానికి చోటు చదును చేసి ఇస్తే మాకూ మంచిదే. పంచాయతీలో అడుగుతూనే ఉన్నాం.

పెన్నా_ఒడ్డు

మీరు చెప్పింది న్యాయంగా ఉందమ్మా. తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కనిగిరి_పీఈటీ

నేను గవర్నమెంటు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఈ పోస్టు మా స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను.

ఊళ్ళో ఎవరికైనా ఏదైనా అయితే జనం ముందు పరిగెత్తేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన లేకపోతే ఏం చేయాలో తెలియదు. అదే ఊళ్ళో ఒక పీఈటీ, ఒక రిటైరైన పీడీ, రాష్ట్రానికి ఆడి వచ్చిన వాలీబాల్ ఆటగాడు, ఒక మాజీ రన్నరు ఉంటారు. కాలు బెణికితే, భుజం జారితే, ఎండలో పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే చూసుకోవడం వాళ్ళకు అలవాటు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళ గొంతు. గ్రౌండు అవతలి మూలకు వినపడేలా పిలిచి పిలిచి, గుంపును ఒక్క కేకతో నిలబెట్టడం వాళ్ళకు వచ్చు. మీరు రాసిన ఆ అరుపు దగ్గర నేను ఆగిపోయాను. వైద్యం తెలిసిన మనిషి కూడా పదిమందిని ఆపలేకపోతే ఆ తెలిసింది అక్కరకు రాదు.

ఇలాంటి వాళ్ళను గుర్తించి, 108 వాళ్ళ చేత ఒక పూట కొత్త పద్ధతులు చెప్పిస్తే ప్రతి మండలంలో పదిమంది తయారవుతారు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మా స్కూలు గ్రౌండు నేను ఇప్పిస్తాను, హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. @అంబులెన్స్_డ్యూటీ అన్నా, మీరు రాగలరా?

అంబులెన్స్_డ్యూటీ

డ్యూటీ లేని ఆదివారం తప్పకుండా వస్తాను, మా పైవాళ్ళ పర్మిషన్ తీసుకుంటాను. గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కడం చేతితో చేయించే నేర్పాలి, చదివితే రాదు. మనిషి పిలిస్తే పలకక, ఊపిరి తీసుకోకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. ఎవరికైనా రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి. అందుకే ఇద్దరు ముగ్గురు మార్చుకుంటూ చేయాలి. ఆటలాడిన వాళ్ళకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

అక్కడ ఇంకో విషయం కూడా నేర్పుదాం. ఫోన్ చేసేవాళ్ళు "ఉలవపాడు దాటినాక" అంటారు. ఏ వైపో చెప్పరు. మధ్యలో డివైడరు ఉంది. చెన్నై పోయే వైపా, విజయవాడ పోయే వైపా తెలియకపోతే మేము అవతలి రోడ్డు మీద నుంచి మనిషిని చూస్తూ కూడా, యూటర్న్ దొరికేదాకా ముందుకు పోయి తిరిగి రావాలి. అక్కడే విలువైన నిమిషాలు పోతాయి. రోడ్డు పక్క రాయి మీద కిలోమీటరు నంబరు ఉంటుంది, ఆ నంబరు, ఏ వైపో చెబితే నేరుగా వచ్చేస్తాం. జాతీయ రహదారి మీద అయితే 1033కి కూడా చేయొచ్చు. వాళ్ళకు టోల్ ప్లాజాల దగ్గర అంబులెన్సులు, క్రేన్లు ఉంటాయి.

మామిడితోట_అమ్మాయి

అన్నా, మా కొట్ల దగ్గర కిలోమీటరు నంబరు, 'చెన్నై వైపు' అని బోర్డు రాయించి పెడితే పనికొస్తుందా?

అంబులెన్స్_డ్యూటీ

పనికొస్తుందా అని అడుగుతున్నారా! కొట్టుకొకటి పెట్టండి. బయటి ఊరు వాళ్ళు ఫోన్ చేసినప్పుడు వాళ్ళకు అది చదవడమే పని.

కోవూరు_కూతగాడు

పెయింటింగ్ ఖర్చు నాది. మా పాత జట్టు వాళ్ళు నలుగురం శిక్షణకు కూడా వస్తాం. కోవూరు నుంచి కనిగిరి దూరమే, అయినా పొద్దున్నే బయల్దేరుతాం.

సింగరాయకొండ_చిన్నోడు

ఆటగాళ్ళే రావాలా? నేను ఏ ఆటా ఆడలేదు. డిగ్రీ చదువుతున్నా, రోజూ ఒంగోలుకు హైవే మీదే తిరుగుతా.

కనిగిరి_పీఈటీ

ఎవరైనా రావచ్చు తమ్ముడూ. రోజూ హైవే మీద తిరిగేవాడివి, నువ్వు ముందు రావాలి. వదులు ప్యాంటు వేసుకుని రా, నేల మీద మోకాళ్ళేసి చేయాల్సి ఉంటుంది. ఆడపిల్లలకు మా స్కూల్లో ఇంకో వ్యాయామ టీచరమ్మ చెబుతారు. తేదీ ఖాయం కాగానే ఇక్కడే పెడతాను.

రామాయపట్నం_అబ్బాయి

సార్, నా పేరు, మా బావమరిది పేరు రాసుకోండి. వకీలు గారూ, ఆసుపత్రిలో అడిగాను. పోలీసు కాగితం తెమ్మన్నారు, పథకం కింద చూస్తామన్నారు. మామయ్యకు మెడ పట్టీ ఇంకొన్ని వారాలు ఉంచాలట. కాలి వేళ్ళు మాత్రం బాగా కదిలిస్తున్నాడు.